గీత మందం

సోమవారం పొద్దున ట్రేసరమ్మ బస్సు దిగేసరికి చెట్ల కింద నేలంతా ఎండిన కాయలు రాలి ఉన్నాయి. చెప్పు పడ్డచోటల్లా చిటుక్కుమంటున్నాయి. రోడ్డు పక్కన, పార్కు కంచె పొడవునా బారులు తీరిన ఆ చెట్లకు ఆఫీసు కాగితాల్లో తూర్పు హరిత పంక్తి అని పేరు. నర్సరీలో పనిచేసే ఆడవాళ్ళు మాత్రం 'మా వరస' అంటారు. గుంటలు తవ్వి మొక్కలు పెట్టిందీ, రెండు ఎండాకాలాలు బిందెలతో నీళ్ళు మోసిందీ వాళ్ళే గనక ఆ మాట వాళ్ళకు చెల్లింది. అవతల రోడ్డు, రోడ్డుకవతల ఊరు. ఇవతల దుప్పులు తిరిగే అడవి. మధ్యన ఈ చెట్లు.

నేషనల్ పార్కు ఆఫీసులో పటాలు గీసే ట్రేసరు ఉద్యోగం ఆమెది. చేత్తో గీసేవాళ్ళలో ఇంకా మిగిలింది ఆమె ఒక్కతే. కిటికీ పక్కన వాలుబల్ల, దాని మీద స్కేళ్ళు, పాళీల పెట్టె, మరకలు పడ్డ గుడ్డపేలిక. ఆ రోజు ఆ సామానంతా ఎవరో జాగ్రత్తగా ఓ మూలకు జరిపారు. బల్ల మీద పెద్ద కంప్యూటరు తెర పెట్టుకుని కన్సల్టెంటు కూర్చుని ఉన్నాడు. రాబోయే పదేళ్ళకు పార్కు ప్రణాళిక తయారు చేసిపెట్టడానికి డైరెక్టరుగారు పిలిపించిన మనిషి. నలభై దాటినవాడు, మర్యాదస్థుడు, ఏ మాటా గట్టిగా అనడు.

"రండి మేడమ్, మీకోసమే చూస్తున్నా. ఇది మీ చేతి గీతేనటగా?"

తెర మీద ఆమె గీసిన సరిహద్దు పటం ఉంది. ఇరవై రెండేళ్ళుగా డైరెక్టరుగారి గదిలో అద్దం వెనక వేలాడిన పటం. దాన్ని కిందికి దింపి, ఫొటో తీసి, కంప్యూటర్లోకి ఎక్కించారు. కన్సల్టెంటు వేలితో మౌసు చక్రం తిప్పేకొద్దీ పటం ఉబ్బుతూ వచ్చింది. గోడ మీద దారంలా కనపడే గీత తెర మీద తారు రోడ్డంత అయింది. సిరా కాగితంలోకి పాకిన చోట్ల అంచులు నూగు నూగుగా కనిపించాయి.

"ఎంత దిట్టంగా లాగారండీ. ఇప్పటివాళ్ళకు ఈ చెయ్యి ఎక్కడిది" అన్నాడు.

అది దిట్టం కాదని ట్రేసరమ్మకు తెలుసు. సన్న పాళీతో గీయవలసిన గీత అది. పటం గీసిన రోజు సన్న పాళీ ముక్కు చీలి విరిగిపోయింది. చీలిన పాళీ తిరిగి అప్పజెబితే తప్ప స్టోరులో కొత్తది ఇవ్వరు. ఆ చీలిన ముక్కేమో బల్ల సందులో పడి కనపడకుండా పోయింది. మర్నాడు పొద్దున్నే పటం పైకి వెళ్ళాలి. శీర్షికలు రాసే లావు పాళీ తీసుకుని చుట్టూ లాగేసింది. చూసినవాళ్ళందరూ ఎంత స్పష్టంగా ఉందో అన్నారు. ఆమె నోరు మెదపలేదు.

"ఇప్పుడు దీన్ని లెక్కల్లోకి మార్చాలి. కంప్యూటరుకు మందం అర్థం కాదు, వెంట్రుకంత గీత కావాలంటుంది. అందుకని అంచు పట్టుకుని లాగాను. దక్షిణం పక్క చూడండి."

నల్లగీత బయటి అంచు వెంబడే సన్నగా ఎర్రగీత పోతోంది. ఆ ఎర్రగీతకు లోపల, నల్ల సిరా మీద తేలుతున్నట్టుగా పదకొండు చిన్న చతురస్రాలు. నర్సరీ వెనకాల అక్కడి ఆడవాళ్ళుండే వరస ఇళ్ళు. వాటిలో ఎరుపు నింపి ఉంది.

"ఈ ఎరుపేంటండీ?"

"ఆక్రమణలు. ప్రణాళిక ఆమోదం పొందగానే ఖాళీ చేయించాల్సినవి." అతను కాస్త వెనక్కి వాలాడు. "పటం మీద ఒక సెంటీమీటరంటే నేల మీద వంద మీటర్లు కదా. మీ గీత మిల్లీమీటరు మందం ఉంది. అంటే పది మీటర్లు. సరిగ్గా ఆ పది మీటర్లలోనే ఇళ్ళు కట్టుకున్నారు వాళ్ళు. చిత్రంగా లేదూ?"

ట్రేసరమ్మకు చిత్రంగా అనిపించలేదు. నాలిక మీద సిరా చుక్క పడ్డట్టు నోరంతా చేదుగా అయింది.

"గురువారానికి అచ్చు తీయిస్తాను. అసలు పటం గీసింది మీరు గనక, కొత్త సరిహద్దు మీ గీత ప్రకారమే ఉందని కింద నాలుగు మాటలు, ఒక సంతకం. అంతే మీ పని."

ఆమె పాళీల పెట్టె తీసి చూసుకుంది. పెట్టెలో అన్నీ ఉన్నాయి. మూత పెట్టేసి, గుడ్డపేలిక మడతలు విప్పి మళ్ళీ మడిచింది.

*

మంగళవారం మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని ఎప్పటిలాగే నర్సరీ షెడ్డుకు వెళ్ళింది. అక్కడ మేస్త్రక్క మట్టి కుప్ప ముందు గొంతుక్కూర్చుని నల్ల సంచుల్లో మట్టి నింపుతోంది. నర్సరీ ఆడవాళ్ళకు పెద్ద ఆమె, ఆఫీసులో పెద్దచిన్నా అందరికీ మేస్త్రక్కే. వచ్చినప్పుడు నల్లగా ఉన్న తల ఈ షెడ్డులోనే తెల్లబడింది. రెండు చేతులా మట్టి ఎత్తి, బొటనవేళ్ళతో అదిమి, సంచీని నేలకేసి ఒక్కసారి తట్టి పక్కన పెడుతుంది. చూడకుండానే సంచులన్నీ ఒకే ఎత్తు నిండుతాయి.

"ఏంటమ్మా ట్రేసరమ్మా, మూత తీసి మంత్రం వేస్తున్నారా? తినండి, చల్లారిపోతుంది."

"అక్కా, మీ ఇళ్ళ దగ్గర పార్కు సరిహద్దు రాయి ఒకటి ఉండాలి. పదిహేడో నంబరు. ఎక్కడుంది?"

అదిమే వేళ్ళు ఆగాయి. ఒక్క క్షణమే. మళ్ళీ కదిలాయి.

"రాయితో మీకేం పని?"

"అది ఎక్కడుందో తెలిస్తే మీ ఇళ్ళు పార్కులో ఉన్నాయో బయట ఉన్నాయో తేలిపోతుంది."

"ఇప్పుడా అనుమానం ఎవరికొచ్చింది?"

ట్రేసరమ్మ చెప్పింది. పటం సంగతి, ఎర్రగీత సంగతి, గురువారం సంతకం సంగతి. లావు పాళీ సంగతి మాత్రం చెప్పలేదు. మేస్త్రక్క మధ్యలో ఒక్క మాటా అడగకుండా విన్నది. విని, చేతులు దులుపుకుని లేచింది.

"రండి. మీ రాయి చూద్దురు గాని."

వరస ఇళ్ళకు షెడ్డు వెనకనుంచే దారి. ఒంటిగది ఇళ్ళు, ఒకదాని గోడ ఇంకోదానికి ఆనుకుని ఉంటుంది. ప్రతి గుమ్మం ముందూ పగిలిన బకెట్లలో, నూనె డబ్బాల్లో మొక్కలు. నర్సరీలో బతకవని పారేసినవి ఇక్కడికొచ్చి బతుకుతాయి. వరస చివర కుళాయి. కుళాయి కింద వెడల్పాటి రాయి మీద మేస్త్రక్క కోడలు దుప్పటి ఉతుకుతోంది.

"కాస్త జరగవే" అంది మేస్త్రక్క.

కోడలు దుప్పటి తీసి బకెట్లో పడేసింది. మేస్త్రక్క రాయి మీద రెండు చెంబులు నీళ్ళు కుమ్మరించి నురగ కడిగింది. ట్రేసరమ్మ వంగి రాయి పక్కభాగాన్ని చేత్తో తడిమింది. వేళ్ళకు ముందు నిలువుగీత తగిలింది. తరవాత ఏడు.

"ఇది ఇక్కడ పాతలేదే. ఎక్కడుండేది?"

"అదిగో." మేస్త్రక్క చెయ్యి ఇళ్ళ కప్పుల మీదుగా అడవివైపు చూపించింది. "మా ఇళ్ళ వెనకాల. పార్కు కందకం గట్టు మీద."

"ఇళ్ళకు అడవివైపా? బాగా గుర్తుందా?"

"గుర్తుండక. రోజూ దాని మీద కూర్చునేదాన్ని."

"మరెందుకు పీకారక్కా?"

మేస్త్రక్క కోడలివైపు చూసింది. కోడలు బకెట్లోకి చూసింది.

"ఒకప్పుడు కొత్త గార్డొకడొచ్చాడు. ఆ రాయి చూపించి, ఇది పార్కు రాయి, మీ సంగతి తేలుస్తానన్నాడు. పార్కు రాయి ఇంటి వెనకాల ఉంటే ఇల్లు కూడా పార్కుదే అవుతుందేమోనని హడలిపోయాం. ఆదివారంనాడు నలుగురం పట్టి పెకలించాం. పారేస్తే ఎవరికైనా దొరుకుతుంది. అందుకని తెచ్చి కుళాయి కింద పడుకోబెట్టాం. బట్టలుతికే రాయిని తిరగేసి చూసేదెవరు?"

"అది అక్కడే ఉండి ఉంటే మీ ఇళ్ళన్నీ పార్కుకు బయటున్నాయని అదే చెప్పేది."

మేస్త్రక్క తడిరాయి మీద చతికిలబడి, చీర తడుస్తున్నా పట్టించుకోకుండా నవ్వడం మొదలుపెట్టింది. చప్పుడు లేకుండా భుజాలు మాత్రం కదిలే నవ్వు.

"విన్నావటే? మనల్ని కాసే పోలీసును పడుకోబెట్టి ఇన్నేళ్ళూ వాడి వీపు మీద బట్టలుతుక్కున్నాం."

కోడలికి నవ్వు రాలేదు. "మళ్ళీ తీసుకెళ్ళి అక్కడే పాతేద్దాం అత్తా."

"ఇప్పుడు పాతితే అది దొంగరాయే అవుతుంది" అంది ట్రేసరమ్మ. "పాత గుంట ఏమైనా మిగిలిందా?"

"ఆ తరవాత కందకం రెండుసార్లు తవ్వారు. గుంటా లేదు, గట్టూ లేదు."

తిరిగి వస్తుంటే మేస్త్రక్క షెడ్డు దగ్గర ఆగింది. "గురువారం మీరు సంతకం పెట్టకపోతే?"

"ఇంకెవరిచేతనైనా పెట్టిస్తారు."

"పెడితే?"

ట్రేసరమ్మ తినని డబ్బా సంచీలో పెట్టుకుంది. మేస్త్రక్క మట్టి కుప్ప ముందు కూర్చుని సంచీ అందుకుంది. ఈసారి ఒకటి ఎత్తుగా, ఒకటి తగ్గుగా నిండుతున్నాయి.

*

బుధవారం నమూనా అచ్చు వచ్చింది. బల్ల నిండా పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, ట్రేసరమ్మ భూతద్దమూ ఉక్కు స్కేలూ తీసుకుంది. ఏ పటమైనా ఆమె చేతిలోంచి వెళ్ళేముందు సరిహద్దును ఒక మూల మొదలుపెట్టి మళ్ళీ ఆ మూలకు వచ్చేదాకా చూడడం ఆమెకు అలవాటు. చూడమని ఎవరూ చెప్పలేదు. చూడవద్దనీ ఎవరూ చెప్పలేదు.

తూర్పున మొదలుపెట్టింది. రోడ్డు పక్క చెట్ల వరస. ఎర్రగీత నల్లగీతకు బయటి అంచున ఉంది. చెట్లు పార్కులోనే ఉన్నాయి. దక్షిణానికి తిరిగింది. అక్కడా బయటి అంచే. ఇళ్ళు ఎర్రగా ఉన్నాయి. పడమట కొండ, అక్కడ ఎవరూ లేరు, బయటి అంచు. ఉత్తరానికి వచ్చింది. ఉత్తరాన క్లబ్బు. ఊళ్ళో పెద్దవాళ్ళ క్లబ్బు, గేటు దగ్గర పేరు రాయించుకుంటే తప్ప లోపలికి రానివ్వరు.

భూతద్దం ఆగింది. ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. స్కేలు ఆనించి చూసింది. మూలదాకా బయటి అంచున వచ్చిన ఎర్రగీత, క్లబ్బు గోడ దగ్గరకు వచ్చేసరికి నల్లగీతను అడ్డంగా దాటి లోపలి అంచుకు చేరింది. క్లబ్బు పొడవునా లోపలి అంచునే నడిచి, క్లబ్బు అయిపోగానే మళ్ళీ బయటికి వచ్చేసింది. ఎదురుగా పెద్దమనిషి వస్తుంటే పక్కకు తప్పుకుని దారిచ్చినట్టు.

గీత మందంలో క్లబ్బువి ఏమున్నాయా అని చూసింది. టెన్నిసు కోర్టు. వంటశాల. కార్లు నిలిపే స్థలం సగం.

"ఇక్కడ అంచు మారిందండీ" అంది.

కన్సల్టెంటు తెర మీదనుంచి తల తిప్పలేదు. "చూశారా. మీ కన్ను పడుతుందనే అనుకున్నా."

"పొరపాటా?"

"నేను ఏ అంచయినా లాగగలను మేడమ్. ఎక్కడ ఏ అంచు లాగమంటే అక్కడ ఆ అంచు లాగాను." మళ్ళీ చక్రం తిప్పుతూ, "డైరెక్టరుగారితో మాట్లాడండి" అన్నాడు.

డైరెక్టరుగారి గదిలో పటం ఉన్నచోట గోడ తెల్లగా, దాని చుట్టూ మాసి ఉంది. ఆయన మోకాలికి పట్టీ బిగించుకుంటున్నాడు. అడవంతా కాళ్ళతో తిరిగిన మనిషి, ఇప్పుడు మెట్లెక్కడానికి కటకటలాడుతున్నాడు. ఆమె చెప్పింది పూర్తిగా విన్నాడు.

"కూర్చోండమ్మా. మీరు చూసింది నిజమే. క్లబ్బు దగ్గర బయటి అంచు తీసుకుంటే వాళ్ళు కోర్టుకెళ్తారు. వాళ్ళకు లాయర్లకు కొరతా, తీరికకు కొరతా? ప్రణాళిక పదేళ్ళు ఆగిపోతుంది. ఈలోగా ఊరు ఆగదు. తూర్పున రోడ్డు వెడల్పు చేయడానికని రోడ్డువాళ్ళు ఇంకో పది మీటర్లు ఇమ్మని మూడేళ్ళుగా నా ప్రాణం తోడేస్తున్నారు. నేను ఒకచోట వదిలి మిగతా అంతటా పట్టుకుంటున్నాను. సంతోషంగా వదలడం లేదు."

"పట్టుకున్నచోట మేస్త్రక్కావాళ్ళు ఉన్నారు సార్."

"తెలుసు. వేరే గదులు చూపిస్తాం."

"ఎక్కడ సార్?"

"ఊరికి ఆ చివర."

"వాళ్ళు పొద్దున ఆరింటికల్లా మొక్కలకు నీళ్ళు పెట్టాలి."

ఆయన పట్టీ కొస లాగి దోపుకున్నాడు. ఆమె లేస్తుంటే అన్నాడు. "ఈ ప్రణాళికతో మీ పోస్టు రద్దవుతుంది. మిమ్మల్ని కంప్యూటరు విభాగంలో ఉంచాలని నేనే రాశాను. ఆ కాగితం కూడా ఈ ఫైల్లోనే వెళ్తోంది. బెదిరించడానికి చెప్పడం లేదమ్మా. ఉన్నమాట."

బెదిరింపు కాదని ఆమెకూ తెలుసు.

*

ఇంట్లో ఆ సాయంత్రం అత్తగారు కొడుకు చొక్కా కత్తిరింపు పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు ఇరుగుపొరుగు అందరికీ బట్టలు కుట్టిన మనిషి. చూపు తగ్గాక కత్తెర కోడలి చేతికి వచ్చింది, నోరు మాత్రం తనదగ్గరే ఉంచుకుంది. నేల మీద గుడ్డ పరిచి, దాని మీద సుద్దతో గీసిన చేతుల ఆకారాలను వేలితో తడిమి చూసి, "ఊ, కానీ" అంది.

ట్రేసరమ్మ కత్తెర పెట్టింది.

"గీత మీద పెట్టకు. సుద్దకీ ఒక లావుంటుంది. గీతకు లోపల కోస్తావో, బయట కోస్తావో ముందే అనుకో."

"ఎటు కొయ్యాలి అత్తయ్యా?"

"నీ ఇష్టం. ఎటు మొదలుపెట్టావో అటే చివరిదాకా పో. చుట్టు తిరిగేలోపల పక్క మార్చావంటే ఒక చెయ్యి వదులు, ఒక చెయ్యి బిగుతు. ఇక వాడు ఒక చెయ్యే ఊపుకుంటూ ఆఫీసుకు పోవాలి."

పేపరు చాటునుంచి భర్త అన్నాడు. "నా చొక్కాకు ఈ సరిహద్దు తగాదా ఏంటమ్మా? రెండు చేతులూ వదులుగానే కొయ్యమను."

"నీకేం, నువ్వు దానకర్ణుడివి. గుడ్డ చాలద్దూ?"

ట్రేసరమ్మ కత్తెర గుడ్డలో సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. అత్తగారు కత్తెర చప్పుడు కోసం చెవి పెట్టి ఉంది.

"ఏమే, ఆపావేం? పక్క మరిచిపోయావా?"

"లేదత్తయ్యా" అంది ట్రేసరమ్మ. "ఇప్పుడే గుర్తొచ్చింది."

*

గురువారం అచ్చుపటం బల్ల మీదికి వచ్చింది. కుడివైపు కింద ధ్రువీకరణకు నాలుగంగుళాల ఖాళీ వదిలారు. ఏం రాయాలో కన్సల్టెంటు చీటీ మీద టైపు చేయించి క్లిప్పుతో గుచ్చి పెట్టాడు.

ట్రేసరమ్మ చీటీ తీసి పక్కన పెట్టింది. పెట్టెలోంచి అన్నిటికంటే సన్న పాళీ తీసి కలానికి తొడిగింది. సిరాలో ముంచి, పాత కాగితం మీద రెండు గీతలు లాగి చూసుకుంది. స్కేలు ఆనించి పెన్సిలుతో అక్షరాలకు వరసలు గీసుకుంది. నాలుగు వరసలు అనుకున్నది ఆరు అయ్యాయి. ఆపైన, పటాలకు శీర్షికలు రాసే ముత్యాల అక్షరాలతో తొందర లేకుండా రాసింది.

'ఈ సరిహద్దు నేను గీసిన గీతకు బయటి అంచు ప్రకారం తీసుకున్నారు. ఉత్తరాన క్లబ్బు పొడవునా మాత్రం లోపలి అంచు పడింది. ఏ అంచు తీసుకున్నా చుట్టూ అదే తీసుకోవాలి. ఉత్తరాన సరిచేస్తే ఈ పటం నా గీతకు సరిపోతుందని ధ్రువీకరిస్తున్నాను. గీత ఇంత మందంగా ఉండడం నా పొరపాటు. సన్న పాళీ విరిగి, లావు పాళీ వాడాను.'

ఆఖరి వాక్యం దగ్గర సిరా అయిపోయింది. మళ్ళీ ముంచింది. అరచేతికి చెమట పట్టి, చేతికింద పెట్టుకున్న కాగితం అంటుకుంది. సంతకం, తేదీ. ఆరేదాకా కదలకుండా కూర్చుంది.

కన్సల్టెంటు వచ్చి నిలబడి చదివాడు. రెండోసారి చదివాడు.

"దీన్ని చెరపడానికి వీలవుతుందా?"

"బ్లేడుతో గీకచ్చు. వెలుతురుకు పెడితే గీకినచోటు తెలిసిపోతుంది."

"ఆ ఆఖరిమాట రాయకుండా ఉండాల్సింది మేడమ్. అది ఎవరూ అడగలేదు కదా."

"ఇరవై రెండేళ్ళు అడగలేదు" అంది ట్రేసరమ్మ. పటం చుట్టి, గొట్టంలో పెట్టి, వచ్చే పోయే కాగితాలు నమోదు చేసే గుమాస్తా దగ్గరకు తానే తీసుకెళ్ళి, నంబరు వేయించి, రసీదు తెచ్చుకుంది.

శుక్రవారం ఎవరూ ఏమీ అనలేదు. డైరెక్టరుగారి గది తలుపు రోజంతా వేసే ఉంది. లోపల ఫోను మోగుతూనే ఉంది. మధ్యాహ్నం షెడ్డులో మేస్త్రక్క ఆమె డబ్బా లాక్కుని మూత తీసి ముందు పెట్టింది. "ఏం రాశారో నాకు తెలీదు. తినకపోతే మాత్రం నేనూరుకోను." శనివారం క్లబ్బువాళ్ళ కారు వచ్చి రెండు గంటలు ఆగి వెళ్ళింది. దాని వెనకే ఇంకో జీపు వచ్చింది. అదెవరిదో ట్రేసరమ్మ పట్టించుకోలేదు.

*

సోమవారం డైరెక్టరుగారు పిలిచాడు. బల్ల మీద ఆమె పటం పరిచి ఉంది. కోపంగా లేడు. నిద్ర లేనివాడిలా ఉన్నాడు.

"మీరన్నట్టే చేశామమ్మా. చుట్టూ ఒకే అంచు."

ఆమె పటం మీదికి వంగింది.

"లోపలి అంచు. అదైతే కోర్టు గొడవ ఉండదు. క్లబ్బు బయట, వరస ఇళ్ళూ బయట. వాళ్ళకు పట్టాలు కూడా రావచ్చు."

ట్రేసరమ్మకు కుళాయీ, రాయీ, నూనె డబ్బాల్లో మొక్కలూ ఒక్కసారిగా కళ్ళముందుకు వచ్చాయి. లేచి పరుగున వెళ్ళి షెడ్డులో చెప్పాలనిపించింది. కాని డైరెక్టరుగారి వేలు ఇంకా పటం మీదే ఉంది. దక్షిణంనుంచి మెల్లగా పైకి జరిగి తూర్పున ఆగింది.

"ఇక్కడ కూడా లోపలి అంచే మరి."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన మొహంలోకి చూసింది.

"చెట్లు?"

"ఆ పది మీటర్లలోనే ఉన్నాయి. మీ బయటి అంచు చూపించే మూడేళ్ళు ఆపాను. నా చేతిలో ఉన్న అడ్డం అదొక్కటే. రోడ్డువాళ్ళకు శనివారమే తెలిసింది." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మీరు రాసింది న్యాయమే. నేను చేసింది కాదు. అయినా చెట్లు నిలబడి ఉండేవి."

కిటికీ బయట స్కూటరు ఏదో వెళ్ళింది. ఆయన పటం చుట్టడం మొదలుపెట్టాడు.

"కొత్త సరిహద్దుకు చేతి పటం ఒకటి దాఖలు చెయ్యాలట. మీరే గీయండి" అన్నాడు. ఆమె తలుపు దగ్గరకు వెళ్ళాక, "సన్న పాళీతో" అన్నాడు.

సాయంత్రం ఆఫీసునుంచి బయటికి వచ్చేసరికి చెట్ల మొదళ్ళకు నరకడానికి గుర్తుగా తెల్లరంగు నంబర్లు పడి ఉన్నాయి. రంగు డబ్బా పట్టుకున్న ఇద్దరు మనుషులు చాలా ముందుకు వెళ్ళిపోయారు. బస్టాపు దగ్గరి చెట్టు కింద మేస్త్రక్క, కోడలు, నర్సరీ ఆడవాళ్ళందరూ గోనెసంచులు తెచ్చుకుని కాయలు ఏరుతున్నారు. కాయలు సంచుల్లో పడే గలగల ఒక్కటే.

ట్రేసరమ్మ వెళ్ళి మేస్త్రక్క పక్కన నిలబడింది.

"పొద్దున ఇళ్ళు మావేనని కబురొచ్చింది" అంది మేస్త్రక్క, వంగిన నడుము ఎత్తకుండా. "ఆ రాయి మళ్ళీ పాతాలట, తెచ్చివ్వమన్నారు. మరి బట్టలెక్కడ ఉతుక్కోవాలో చెప్పలేదు. నవ్వుకున్నాం. మధ్యాహ్నం వీళ్ళు రంగు డబ్బాతో వచ్చారు."

"అక్కా, ఇలా అవుతుందని నాకు తెలిసుంటే..."

"తెలిసుంటే? మా ఇళ్ళు రాసిచ్చేసేవారా?"

మేస్త్రక్క అప్పుడు తలెత్తి చూసింది. కోపమేం లేదు ఆ చూపులో.

"మిమ్మల్ని దెప్పడం లేదమ్మా. ఇల్లు కావాలా చెట్టు కావాలా అని మధ్యాహ్నంనుంచీ నన్ను నేనే అడుక్కుంటున్నా. ఇల్లనే అంటున్నా ప్రతిసారీ. అన్నాక ఇటు చూడలేకపోతున్నా."

ఆమె ఒక కాయను రెండు వేళ్ళతో విరిచి, గింజలు అరచేతిలో దొర్లించి చూసింది. పుచ్చువి ఊదేసింది. గట్టివి నారు పోయడానికని సంచీలో వేసింది.

"డైరెక్టరుగారు మీ లావుగీతను అడ్డం పెట్టి ఈ చెట్లను కాశాడట. మేమూ దాని చాటునే బతికాం. మాకెవరికీ తెలీదు." చేతులు దులుపుకుంది. "కొత్త గీత ఎంత లావుంటుంది?"

"వెంట్రుకంత."

మేస్త్రక్క తలూపింది. "అయితే ఇక దానికింద ఎవరూ పట్టరు."

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ట్రేసరమ్మను గుర్తుపట్టి తలుపు పట్టుకుని రెండు క్షణాలు చూశాడు. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. బస్సు కదిలాక చెట్టు మొదట్లో కూర్చుని, సంచీలోంచి డబ్బా తీసి, అడుగున ఉన్న నాలుగు మెతుకులూ కొంగుతో తుడిచి, కాయలు ఏరి అందులో వేయడం మొదలుపెట్టింది. మొదటి కాయ ఖాళీ డబ్బాలో పడి గట్టిగా మోగింది. మేస్త్రక్క కోడలు తల తిప్పి చూసి, తన ముందున్న కాయల్ని రెండు చేతులా ఆమెవైపు తోసింది.